కాలువ రేవే నాకు గోదావరి

కార్తీక మాసం పూజల గురించి మీరు వేసిన వ్యాసంలో, ఇల్లాలు సూర్యోదయానికి గంటన్నర ముందే లేస్తే పూజకు తీరిక దొరుకుతుందని రాశారు. మంచి మాటే. కానీ మా పాలకొల్లు వైపు కార్తీకంలోనే సార్వా (తొలకరి పంట) వరి కోతలు. తెల్లారేసరికి కూలీలకు టీ, పిల్లలకు క్యారేజీలు, అత్తయ్యగారు షుగర్ మాత్ర వేసుకునే వేళకి ఇడ్లీ. కొత్తలో పూజ మధ్యలో లేవాల్సి వస్తే ఏడుపొచ్చేది, రోజంతా టెన్షన్.

దారి చూపించింది అత్తయ్యగారే. "మన కాలువలో పారేది ధవళేశ్వరం నుంచి వచ్చే గోదారే కదమ్మా, రాజమండ్రి వెళ్లలేదని బాధెందుకు?" అన్నారు. అప్పట్నుంచి చీకటితోనే రేవులో స్నానం చేసి, అరటి దొప్పలో నేతివత్తి వెలిగించి వదులుతున్నాను. ఆ దొప్ప ఓసారి గుండ్రంగా తిరిగి, గుర్రపుడెక్క పక్కనుంచి జారి కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడతాను. ఐదు నిమిషాలు, అంతే. ఆ ఐదు నిమిషాలూ నావి. స్తోత్రం పొయ్యి దగ్గరే, పప్పు ఉడికేలోగా అయిపోతుంది. ఓ సోమవారం పాలకొల్లు శివాలయం క్షీరారామం వెళ్లొస్తాం. అదొకటైన పంచారామాలు, ఆ ఐదు శివక్షేత్రాలూ ఒక్కరోజులో తిరగడం చంటిపిల్లలున్నవాళ్లకి మాత్రం చెప్పకండి.

ఇంకో మాట. మావారు ఈ ఏడు క్యారేజీలు సర్దడం మొదలుపెట్టారు, నాకు అరగంట కలిసొచ్చింది. మగవాళ్లకి చెప్పాల్సిన ఈ సంగతి కూడా ఈసారి రాయండి.