పెంగ్విన్లు పోతున్నది ఆకలితో

పెంగ్విన్ వీడియో ఎవరు పెట్టినా కింద ఒకటే మాట: "పాపం, మంచు కరిగిపోతోంది." నిజమే, కాదనను. 2022లో అంటార్కిటికా దగ్గర బెల్లింగ్స్‌హాజన్ సముద్రంలో మంచు ముందే విరిగిపోయి, అక్కడి ఐదు ఎంపరర్ పెంగ్విన్ గుంపుల్లో నాలుగింటికి ఆ ఏడాది పిల్లలు దక్కలేదు. కానీ అందరూ మంచు దగ్గరే ఆగిపోతుంటే నాకు ఒళ్లు మండుతోంది. ఎందుకంటే మంచు మొహమే ఎరగని పెంగ్విన్ ఒకటుంది, పేరు ఆఫ్రికన్ పెంగ్విన్. దక్షిణాఫ్రికా, నమీబియా తీరాల్లో రాళ్ల సందుల్లో, ఇసుకలో గుడ్లు పెట్టుకుంటుంది. 2024 అక్టోబరులో దాన్ని అంతరించిపోయే అంచున ఉన్న జీవుల జాబితాలోకి ఎక్కించారు. గుడ్లు పెట్టే జంటలు 10 వేలు కూడా లేవు. వందేళ్ల కిందట 100 ఉన్నచోట ఇప్పుడు మూడే మిగిలాయి.

దాని తిండేమిటో తెలుసా? కవళ్లు, నెత్తళ్లు. ఒడిశాలోని మన బరంపురం బజారులో గంపల్లో పోసి అమ్మే రకం చేపలే. అక్కడ పెద్ద మర బోట్లు వాటిని ఊడ్చుకుపోతాయి. నెత్తళ్లలో ఎక్కువ భాగం మనుషులు తినడానికి కూడా కాదు, పిండి కొట్టి, నూనె తీసి అమ్ముకోవడానికి! దానికితోడు సముద్రం తీరు మారి చేపలు తూర్పు వైపు జరిగిపోయాయి. గూట్లో పిల్లని వదిలి వచ్చిన పక్షి వాటి వెనకాల ఎంత దూరమని పోతుంది?

ఈకలు మార్చుకునే కాలం గురించి చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. ఏడాదికోసారి ఒంటి మీది ఈకలన్నీ ఒకేసారి రాలి కొత్తవి వస్తాయి. దాదాపు మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఒంట్లోకి చల్లటి నీళ్లు దిగకుండా ఆపే ఈక ఉండదు, అందుకని సముద్రంలోకి పోలేదు. తిండి లేదు. ఒడ్డున నిలబడి ఒంట్లో కొవ్వు మీదే బతకాలి, బరువు దాదాపు సగం తగ్గిపోతుంది. ముందు బాగా తిని బలిస్తేనే ఆ పస్తు గట్టెక్కుతుంది. అయ్యాక కూడా వెంటనే చేప దొరకాలి. ఈ రెండు వేళల్లో ఏ ఒక్కసారి వెతుకులాట ఎక్కువైనా ఇక అంతే. చాలావరకు నీళ్లలోనే పోతాయి. శవం కనబడదు, ఫొటో రాదు, మనం ఏడవం.

2000 జూన్‌లో ట్రెజర్ అనే ఓడ కేప్‌టౌన్ దగ్గర మునిగి నూనె కారితే, ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి 19 వేల పెంగ్విన్లను చేతులతో కడిగారు. ఇంకో 19 వేలకు పైగా పక్షుల్ని దూరంగా తీసుకెళ్లి వదిలారు, అవి ఈదుకుంటూ ఇంటికొచ్చేలోపు నీళ్లు శుభ్రం చేద్దామని. వాళ్లకి దండం పెట్టాలి. నల్లటి నూనె కళ్లకు కనబడింది కాబట్టి అంతమంది కదిలారు. చేపల్లేని సముద్రం మాత్రం పైకి ఎప్పటిలాగే నీలంగా ఉంటుంది.

ఈ పెంగ్విన్లుండే దీవుల చుట్టూ 20 కిలోమీటర్లు చేపల వేట ఆపి చూసే ప్రయోగం 2008లోనే మొదలైంది. తర్వాత ఏళ్లకేళ్లు వాదనలే. చివరికి పక్షుల్ని కాపాడే బర్డ్‌లైఫ్ సౌత్ ఆఫ్రికా, సాన్‌కాబ్ సంస్థలు కోర్టుకెక్కితే, 2025 మార్చిలో ప్రిటోరియా హైకోర్టులో రాజీ కుదిరింది: ఆరు పెంగ్విన్ స్థావరాల చుట్టూ కవళ్ల, నెత్తళ్ల వేట పదేళ్లు బంద్.

బరంపురం ఉన్న మన గంజాం జిల్లా వాళ్లకి ఈ 20 కిలోమీటర్ల లెక్క కొత్తేం కాదు. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట గుడ్లు పెట్టే తాబేళ్ల కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి అంత దూరం వేట నిషేధం. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్లొచ్చి గుడ్లు పెట్టాయి. నేను ఈ నిషేధం పక్షమే, ఎవరేమనుకున్నా సరే. కానీ దాని బరువు మోసేదెవరు? పొడంపేట, గోఖర్‌కుడ లాంటి ఊళ్లలో మన తెలుగు గంగపుత్రులు. మాకు తెలిసిన బాబాయి ఒకాయన అన్నాడు, "తాబేలు మాకు దేవుడే బాబూ, దానికి చెయ్యి అడ్డం పెట్టం. మరి ఏడు నెలలు పొయ్యి ఎలా వెలగాలి?" ఆయన ఫైబర్ బోటు ఒడ్డున బోర్లా ఉంటుంది. పెద్ద ట్రాలర్లు మాత్రం రాత్రిళ్లు లైట్లార్పి లోపలికొస్తాయని అక్కడ ఎవరిని అడిగినా చెబుతారు.

దక్షిణాఫ్రికాలో ఆపింది చేపల్ని టన్నుల లెక్కన పట్టే పెద్ద బోట్లని. మన దగ్గర కూడా ముందు పట్టుకోవాల్సింది వాటినే. రాత్రి గస్తీ పెంచండి. నిషేధ కాలానికి మత్స్యకారులకిచ్చే సాయం వేట ఆగే నవంబరులోనే చేతికివ్వండి, జూన్‌లో కాదు. పెంగ్విన్ వీడియో కింద కన్నీళ్ల బొమ్మ పెట్టే మన జిల్లా వాళ్లంతా ఈసారి మీ ఎమ్మెల్యేని ఈ రెండూ అడగండి.