రాచోల్ సెమినరీ బ్రిటిష్ వాళ్ళు కట్టింది కాదు, ఖాళీగానూ లేదు

విజయవాడలో మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి వారం రోజులుగా ఒకటే మెసేజ్ తిరిగి తిరిగి వస్తోంది. గోవాలోని రాచోల్ సెమినరీ ఫొటో, దాని కింద ఇలా: "బ్రిటిష్ వాళ్ళు తెల్ల ఫాదర్ల కోసం కట్టిన కోట. స్థానిక భాషలో ఒక్క ముక్క కూడా అచ్చు వేయలేదు. ఇప్పుడు ఖాళీ, టికెట్ కొని చూసే మ్యూజియం." గురువిద్యాలయంలో, అంటే ఫాదర్లు కావడానికి చదివే సెమినరీలో ఉన్న మా అక్క కొడుకు కూడా నిజమేననుకుని నాకు పంపాడు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

బ్రిటిష్ వాళ్ళ మాట ముందు తేల్చేద్దాం. అక్కడ పునాది రాయి వేసింది 1606లో, భవనం తెరిచింది 1610లో. అప్పటికి సూరత్‌లో ఈస్టిండియా కంపెనీకి స్థిరమైన గిడ్డంగి కూడా లేదు. గోవా 1510 నుంచి 1961 డిసెంబర్ దాకా పోర్చుగీసు పాలనలో ఉంది. కట్టించింది జెస్యూట్ ఫాదర్లు, అంటే మన ఊళ్ళో లయోలా కాలేజీ పెట్టిన సభ వాళ్ళే.

ఇక భాష సంగతి. మెసేజ్‌లో అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. 1579లో గోవాకొచ్చిన థామస్ స్టీఫెన్స్ అనే జెస్యూట్ ఫాదర్ ఏసు కథను మరాఠీలో, గోవా జనం భాష కొంకణి మాటలు కలిపి, మామూలు జనం పాడుకునే ఓవీ ఛందస్సులో దాదాపు 11 వేల పద్యాలుగా రాశారు. ఆ క్రిస్త పురాణం 1616లో అచ్చయింది రాచోల్‌లోనే. (ఆయన ఇంగ్లండ్ మనిషి, బహుశా బ్రిటిష్ మాట అక్కడి నుంచే పుట్టిందేమో.) లిపి మాత్రం రోమన్. ఆయన చనిపోయాక 1622లో కొంకణి సత్యోపదేశం (క్రైస్తవ విశ్వాసం నేర్పే పుస్తకం), 1640లో కొంకణి వ్యాకరణం కూడా అక్కడే అచ్చు వేశారు. మన తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు వచ్చింది 1746లో, అదీ జర్మనీలోని హాలే పట్నంలో. అంటే అంతకు 130 ఏళ్ళ ముందే రాచోల్‌లో జనం మాట్లాడే భాష కాగితం మీదకెక్కింది.

చేదు నిజాలు దాచి ఈ భవనాన్ని పొగడడం నాకిష్టం లేదు. 1567లో ఆ ప్రాంతపు గుళ్ళను కూలగొట్టించింది రాచోల్‌లోని పోర్చుగీసు సైనిక కోట కెప్టెనే, 1684లో పోర్చుగీసు ప్రభుత్వం కొంకణిని మానిపించాలని ఆజ్ఞ కూడా ఇచ్చింది. కోపం ఉంటే వాటి గురించి రాయండి, ఒప్పుకుంటాను. అచ్చే వేయలేదనడం మాత్రం అబద్ధం.

తెల్ల ఫాదర్ల కోసం అన్నదీ నిలబడదు. 1759లో పోర్చుగల్ ప్రభుత్వం జెస్యూట్లను గోవా నుంచి వెళ్ళగొట్టింది, ఆ తర్వాత ఆ భవనం మేత్రాసన (బిషప్ పరిధిలోని) గురువిద్యాలయమైంది. అక్కడ చదివి ఫాదర్లయింది గోవా పిల్లలే.

మ్యూజియం మాటలో సగం నిజముంది. 1994లో క్రైస్తవ కళా మ్యూజియం రాచోల్‌లోనే తెరిచారు, కానీ 2002లో పాత గోవాలోని సాంటా మోనికా కాన్వెంట్‌కి మార్చేశారు. టికెట్ కొని చూడాలంటే అక్కడికే వెళ్ళాలి. రాచోల్‌లో ఇప్పటికీ గురువిద్యార్థులు చదువుకుంటున్నారు, కాబట్టి గోవా టూరులో మడ్గావ్ వైపు వెళ్ళేవాళ్ళు ముందు ఫోన్ చేసి, లోపలికి రానిస్తారో లేదో కనుక్కుని వెళ్ళండి.