ఫోర్క్‌లిఫ్ట్ నడిపితే నెలకు 40 వేలట!

ఆ సందేశం మళ్లీ వచ్చింది. ఈసారి పంపింది మా బావ. అంతకుముందు కాలనీ గ్రూపు, దానికి ముందు పదో తరగతి మిత్రుల గ్రూపు. పంపిన ప్రతివారూ కింద ఒకటే మాట రాస్తున్నారు: 'మన పిల్లలకు పనికొస్తుంది, చూడు.' గోదాములో హాజరు, ఓటీ (అదనపు గంటల పని) లెక్కలు రాసే పని నాదని తెలిసి కూడా నాకే పంపుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు ఇచ్చే ఓపిక అయిపోయింది. ఇకపై ఎవరు పంపినా ఇదే తిరిగి పంపుతాను.

సందేశం సారాంశం ఇది: పదో తరగతి చాలు. 15 రోజుల శిక్షణతో ప్రభుత్వ ఫోర్క్‌లిఫ్ట్ (గోదాములో సరుకు ఎత్తి సర్దే బండి) లైసెన్సు వస్తుంది. ఓటీతో కలిపి నెలకు 40 వేలు. హైదరాబాద్‌లో కుటుంబం గడవడానికి 20 వేలు చాలు కాబట్టి ఏడాదికి 2 లక్షల 40 వేలు మిగులు. ఏసీ క్యాబిన్‌లో కూర్చుని చేసే పని. రెండేళ్లలో గల్ఫ్. చివర్లో, ఇంజనీరింగ్ చదివినవాళ్లు సిగ్గుపడాలని ఒక వాక్యం, దాని కింద శిక్షణ సంస్థ ఫోను నంబరు.

ముందు జీతం సంగతి. మేడ్చల్, జీడిమెట్ల, పటాన్‌చెరు, శంషాబాద్ వైపు గోదాముల్లో నేను చూసినంతవరకు, కాంట్రాక్టర్ ద్వారా చేరే కొత్త ఆపరేటర్‌కు 16 నుంచి 18 వేలు ఇస్తారు. నాలుగైదేళ్ల అనుభవం ఉండి, ఎత్తైన ర్యాకుల మధ్య రీచ్ ట్రక్ (ఇరుకు దారుల్లో పై అరలకు సరుకు ఎత్తే బండి) కూడా నడపగలిగితే 22, మహా అయితే 25. నేరుగా కంపెనీ ఉద్యోగులుగా ఉన్న పాతవాళ్లకు ఇంకా ఎక్కువే రావచ్చు. కానీ అలాంటి ఖాళీ ఏర్పడితే లోపలివాళ్ల తమ్ముళ్లు, బావమరుదులతోనే నిండిపోతుంది, వాట్సాప్ దాకా రాదు. సరే, 18 వేలే అనుకుందాం. అందులో పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 135, వృత్తి పన్ను 150 పోతాయి. చేతికి వచ్చేది 15,915.

మరి 40 వేలు ఎక్కడి నుంచి వచ్చాయి? 'ఓటీ డబుల్ కాబట్టి రోజుకు 12 గంటలు చేస్తే జీతం రెట్టింపు' అన్న వాక్యం నుంచి. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. 18 వేలను 26 రోజులకు, రోజుకు 8 గంటల చొప్పున పంచితే గంటకు 86 రూపాయల చిల్లర. దానికి రెట్టింపు 173. రోజుకు నాలుగు గంటల ఓటీ అంటే నెలకు 104 గంటలు, మరో 18 వేలు. మొత్తం 36. ఇంకా 40 కాలేదు. కాబట్టి ఆదివారాలు కూడా రావాలి. నాలుగు ఆదివారాలూ ఎనిమిదేసి గంటలు చేస్తే ఐదున్నర వేలు చేరి, అప్పుడు 41 దాటుతుంది. సందేశం రాసిన మహానుభావుడికి కూడికలు బాగానే వచ్చు. నెలలో ఒక్క రోజు కూడా జ్వరం రాని, పెళ్లికో చావుకో ఊరు వెళ్లని మనిషిని ఎక్కడ చూశాడో అది చెబితే బాగుండేది.

పైగా ఆ రెట్టింపు ఇచ్చేది ఎవరు? 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచి కొత్త కార్మిక కోడ్‌ల దాకా ఓటీకి రెట్టింపు వేతనమే రాసి ఉంది. కాంట్రాక్టర్ల దగ్గర నాకు తెలిసినంతలో నడిచేది ఒకటికి ఒకటే. ఆ లెక్కన 104 గంటలకు 9 వేలు. అంటే రోజూ 12 గంటలు చేసిన మనిషికి పీఎఫ్ లాంటి కోతలకు ముందు 27 వేలు. గట్టిగా అడిగితే 'ఇష్టం లేకపోతే ఎనిమిది గంటలకే వెళ్లిపో' అంటారు. మర్నాడు గేటు దగ్గర వేరేవాడి పేరు పిలుస్తారు.

ఇంకో సంగతి. అన్ని గంటలు చేయించుకోవడానికి ఫ్యాక్టరీల చట్టం ఒప్పుకోలేదు. అది మూడు నెలలకు మామూలుగా అనుమతించిన ఓటీ 50 గంటలు. తెలంగాణ ప్రభుత్వం 2025 జూలైలో వాణిజ్య సంస్థలకు సడలింపు ఇచ్చినప్పుడు కూడా మూడు నెలలకు 144 గంటల దగ్గర ఆగింది. సందేశం చెప్పిన పద్ధతిలో, ఆదివారాలు వదిలేసినా, మూడు నెలలకు 312 గంటలవుతాయి. ఉల్లంఘనను మన పిల్లలకు జీతంగా చూపించి మురిసిపోతున్నాం.

డబ్బు పక్కన పెట్టండి. మూడు టన్నులు ఎత్తే డీజిల్ బండి ఖాళీగా ఉన్నప్పుడే నాలుగు టన్నులకు పైగా బరువుంటుంది. అది తిరిగేది వెనక చక్రాలతో, అందుకే మలుపులో ముందు భాగం కాదు, తోక పక్కకు దూసుకొస్తుంది. సరుకు ఎత్తుగా ఉంటే ఎదుట ఏమీ కనిపించదు, వెనక్కి చూస్తూ నడపాలి. పదకొండో గంటలో మెడ తిరగదు. డాక్ (లారీల్లో సరుకు ఎక్కించి దించే చోటు) దగ్గర చలానా పట్టుకుని నిలబడ్డ లోడింగ్ కుర్రాడికి ఆ సంగతి తెలియదు. షిఫ్టు చివర్లో ర్యాకు కాళ్లు వంగిన ఘటనలు మా రిజిస్టరులో నేనే రాశాను. రాసింది ర్యాకుల గురించి కాబట్టి సరిపోయింది. మనుషుల గురించి రాయాల్సి వచ్చే దాకా ఈ 'కష్టపడితే వస్తుంది' పాట పాడుతూ ఉందామా?

ఏసీ క్యాబిన్: లేదు. నెత్తిమీద ఇనుప చట్రం ఉంటుంది, మే నెలలో దాని పైన రేకుల కప్పు. గల్ఫ్ కథ హైదరాబాద్ ఖర్చుల లెక్కలో ఎందుకు దూరిందో నాకు అర్థం కాలేదు. ఇంజనీర్లు సిగ్గుపడాలా అన్నది వాళ్లే చూసుకుంటారు.

ఇక 20 వేలతో కుటుంబం. అందులో ఇంటి అద్దె 5 వేలు వేశారు. జీడిమెట్ల, కొంపల్లి చుట్టుపక్కల నలుగురు సర్దుకునే రెండు గదుల పోర్షన్ 5 వేలకు ఎక్కడుందో చెబితే ముందు నేనే సామాను సర్దుకుంటాను. 8 వేలు వేయండి. ఇద్దరు పిల్లల ఫీజులు నెలకు సర్దితే 4 వేలు, పాలు, కూరగాయలు, నూనె, పప్పులు 7 వేలు, బైక్ వాయిదా రెండున్నర, పెట్రోలు 2 వేలు, ఫోన్లకు 600. మొత్తం 24,100. ఇందులో ఆస్పత్రి లేదు, పండుగ లేదు, ఊళ్లో అమ్మకు పంపేది లేదు. బైక్ ఎందుకు, బస్సు లేదా అంటారు. సిటీ ఆర్డినరీ పాసు 2025 జూన్‌లో 1,150 నుంచి 1,400 అయింది. అయినా కొనేవాళ్లే, కానీ రాత్రి పదింటికి షిఫ్టు దిగి గోదాము నుంచి మెయిన్ రోడ్డుకు నడిచి వచ్చేసరికి ఎక్కడానికి బస్సు ఉండాలి కదా.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. పై లెక్కలో బియ్యం, కరెంటు, నీళ్లు వేయలేదు, వేయనక్కర్లేదు కూడా. సందేశంలో 'రేషన్, కరెంటు ఫ్రీ కదా' అన్న ముక్క చదివి మొదట నవ్వుకున్నాను గానీ అది నిజం. 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్న బియ్యం అంటే నలుగురికి 24 కిలోలు. 200 యూనిట్ల లోపు కరెంటుకు సున్నా బిల్లు, నగరంలో నెలకు 20 వేల లీటర్ల నీళ్లు ఉచితం, ఇల్లాలు పనికి వెళ్తే బస్సు టికెట్టు సున్నా. రేషన్ కార్డు ఉన్న ఇంటికి ఇవి పెద్ద ఊరట. ఇవి లేకపోతే 16 వేల చేతి జీతంతో ఈ నగరంలో నిలబడేవాళ్లు ఇంకా తక్కువ. కానీ గమనించండి, ఆ తేడాను పూడుస్తున్నది ప్రభుత్వ ఖజానా, కాంట్రాక్టర్ కాదు. కనీస వేతనాలను ఐదేళ్లకు మించకుండా సమీక్షించాలని 1948 కనీస వేతనాల చట్టమే చెప్పింది. తెలంగాణలో 2021లో ఐదు రంగాలకు సవరణ జీవోలు ఇచ్చి గెజిట్‌లో వేయకుండా వదిలేస్తే వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. బియ్యం ఇచ్చినంత చురుగ్గా ఆ పని జరగలేదు.

మిగిలింది 'ప్రభుత్వ లైసెన్సు'. ఫ్యాక్టరీలోనో, మరో ఆవరణలోనో మాత్రమే వాడటానికి ప్రత్యేకంగా చేసిన బండి 1988 మోటారు వాహనాల చట్టం నిర్వచనంలోకే రాదు. 2వ సెక్షన్, 28వ క్లాజు. అలాంటి బండికి ఆర్టీఏ ప్రత్యేక లైసెన్సు ఎందుకిస్తుంది? సంస్థ ఇచ్చేది తాను అచ్చు వేసుకున్న సర్టిఫికెట్. పనికొస్తుందా అంటే కొంత వస్తుంది, గేటు దాటనిస్తారు. లోపల సూపర్‌వైజర్ మళ్లీ బండి ఎక్కించి ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క బల్ల) ఎత్తించి చూస్తాడు, చాలాచోట్ల మామూలు డ్రైవింగ్ లైసెన్సు కూడా అడుగుతారు. ఆ 15 రోజులకు ఫీజు 18 వేలట. కొత్తవాడి నెల జీతం. లోడింగ్‌లో చేరి, మధ్యాహ్నాలు పాత ఆపరేటర్ పక్కన నిలబడి నేర్చుకున్నవాళ్లు మా షిఫ్టులో సగం మంది.

చేరాలనుకున్నవాళ్లు ఆ నంబరుకు ఫోను చేసే ముందు కాంట్రాక్టర్‌నే అడగండి: ఎనిమిది గంటలకు ఎంత, ఓటీ ఒకటికి రెండా ఒకటా, పీఎఫ్ ఖాతా నంబరు ఏ నెలలో ఇస్తారు. ఈ మూడింటికీ కాగితం మీద జవాబు ఇచ్చే కాంట్రాక్టర్ దొరికితే ఆ నంబరు నాకూ పంపండి. మా దగ్గర వెళ్లిపోవడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు.