తీసిన ఫొటోను దిద్దుతూనే ఉండాలా?

బెంగళూరు లాల్‌బాగ్‌లో ఆగస్టు పూల ప్రదర్శనకు వెళ్లి రెండు గంటల్లో తీసిన మూడు వందల ఫొటోలను, ఆఫీసు నుంచి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఇల్లు చేరాక, అర్ధరాత్రి దాకా ఒక్కొక్కటిగా దిద్దుతూ కూర్చోవాలా? నాలుగు వారాంతాలు అలాగే పోయాయి. ఊళ్లో అమ్మ అడిగిన ఫొటోలు ఇప్పటికీ పంపలేకపోయాను. రా ఫైళ్లు, అంటే తర్వాత దిద్దుకోవడానికి సెన్సర్ పట్టినదాన్ని ఉన్నదున్నట్టు దాచే ఫైళ్లు, తీయనివాడు ఫొటోగ్రాఫరే కాడని మిత్రులు ఎందుకు తీర్పు చెబుతారు? వైట్ బ్యాలెన్స్‌ను (రంగుల సమతూకాన్ని) మబ్బు వెలుగుకు తగ్గట్టు పెట్టి, హైలైట్లను (బాగా వెలుగున్న భాగాలను) ఒక మెట్టు తగ్గించి, ఫ్యూజీ కెమెరాలో ఆస్టియా అనే రంగుల తీరు ఎంచుకుంటే, గ్లాస్ హౌస్‌లోని పూలు కెమెరాయే సిద్ధం చేసి ఇచ్చే జేపెగ్‌లోనే నిండుగా వస్తాయి. నిజమే, జేపెగ్ 8 బిట్లదే, అంటే రా కన్నా తక్కువ వెలుగు ఛాయలనే దాస్తుంది; తెల్లగా మాడిపోయిన ఆకాశం మళ్లీ తిరిగి రాదు. అందుకే కదా ఎక్స్‌పోజర్‌ను (ఫొటోకు ఎంత వెలుగు అందాలన్నదాన్ని) మీట నొక్కే ముందే సరిచూసుకుంటున్నాను! ఆ శ్రద్ధ ఫొటోగ్రఫీ కాదా?