ద్వారక దొరికిందని ఫార్వర్డ్ చేసే ముందు ఒక్క ప్రశ్న అడగండి

నిన్న రాత్రి మా ఫ్యామిలీ గ్రూపులోకి మళ్ళీ అదే వీడియో వచ్చింది. అద్దంలాంటి నీలం నీళ్ళు, అడుగున బంగారు గోపురాలు, ఒక్క రాయి కూడా కదలని కోట గోడలు, పైన ఎర్రక్షరాలతో "సముద్రంలో ద్వారక దొరికింది, సైంటిస్టులు షాక్" అని. పంపింది మా బాబాయ్. కింద వరసగా దండాలే దండాలు. బాబాయ్ ఇది కంప్యూటర్‌లో తయారుచేసిన బొమ్మ, అసలు ఫోటో కాదు అన్నాను, అంతే, "నీకు దేవుడంటే నమ్మకం లేకుండా పోయిందిరా" అన్నాడు. ఆ మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు, అందుకే ఇంత పెద్ద పోస్ట్ రాస్తున్నా, ఓపిక చేసుకుని చదవండి.

నేను అమ్మని తీసుకుని ద్వారక వెళ్ళొచ్చినవాణ్ణే. గోమతి సముద్రంలో కలిసే చోట మెట్ల మీద కూర్చుని నీళ్ళల్లోకి చెయ్యి దించితే మణికట్టు దాకే కనబడింది, కింద వేళ్ళు కనబడలేదు, అంత బురదగా ఉన్నాయి ఆ నీళ్ళు. వీడియోలో ఉన్న నీలం అక్కడ నాకెక్కడా కనిపించలేదు. అలాంటి నీళ్ళలో అటూ ఇటూ లాగే పోటు మధ్య, సిలిండర్‌లో గాలి ఉన్నంతసేపు ఒక రాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఇసుకని కొంచెం కొంచెంగా పైపుతో లాగేస్తూ, కొలతలు రాసుకుంటూ పనిచేసేవాళ్ళు ఉన్నారండీ. వర్షాకాలంలో సముద్రం దిగనివ్వదు, ఏడాదిలో దొరికే మంచి రోజులే కొన్ని. వాళ్ళ గురించి ఒక్క ఫార్వర్డ్ కూడా రాదు.

మన హైదరాబాద్ వాళ్ళకైతే ఇది ఎంత కష్టమో ఇంకొకళ్ళు చెప్పక్కర్లేదు. 1990 మార్చి 10న హుస్సేన్ సాగర్‌లో బుద్ధుడి విగ్రహం మునిగింది కదా, ప్రాణాలు కూడా పోయాయి. అది ఎక్కడ పడిందో తెలుసు, ఎంత పెద్దదో తెలుసు, చెరువేమో ఊరి నడిమధ్యలో. అయినా బయటికి తీసేసరికి 1992 డిసెంబర్ వచ్చింది. మన కళ్ళముందు పడిన ఒక్క విగ్రహానికే రెండున్నరేళ్ళకి పైనే పడితే, వేల ఏళ్ళ కింద మునిగిందంటున్న ఊరి సంగతి ఒక్క వీడియోలో తేలిపోతుందా?

అసలు కథ ఆ బంగారు గోపురాల కంటే ఎంతో బాగుంటుంది. సింధు నాగరికత నాటి లోథాల్ పట్టణాన్ని తవ్వించిన ఎస్.ఆర్. రావు గారు, అరవై దాటిన వయసులో, గోవాలోని జాతీయ సముద్ర అధ్యయన సంస్థ తరఫున 1983 నుంచి ద్వారక దగ్గర సముద్రంలో వెతికించారు. దొరికినవి చెక్కిన రాతి దిమ్మెలు, గోడల ముక్కలు, ఇంకా వందకు పైగా రాతి లంగర్లు. ఆ లంగర్లలో ఒక రకం ఉంది, మూడు మూలల రాయి, పైన గుండ్రంగా ఒక బెజ్జం, కింద నలుపలకలుగా రెండు బెజ్జాలు. పైదాన్లో తాడు, కిందవాటిలో చెక్క మేకులు, అవి అడుగున ఇసుకని పట్టుకుని ఓడని కదలనివ్వవు. ఎవరో ఓ రాళ్ళు కొట్టే మనిషి కూర్చుని ఆ మూడు బెజ్జాలూ తొలిచాడు, ఎవరో సరంగు దాన్ని నీళ్ళలోకి వదిలాడు, తాడు తెగిపోయిందో ఏమో అది అక్కడే ఉండిపోయింది. నాకైతే ఆ రాయి బొమ్మ చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది. ద్వారక దగ్గరి దీవి బేట్ ద్వారకలో అయితే రూపాయి బిళ్ళ కన్నా చిన్న శంఖపు ముద్ర దొరికింది, దాని మీద ఒకే ఒంటికి మూడు జంతువుల తలలు, సింధు నాగరికత వాళ్ళ ముద్రల్లాగే.

మరి ఇది కృష్ణుడి ద్వారకేనా? రావు గారు అవుననే నమ్మారు, క్రీస్తుపూర్వం 1500 ప్రాంతం అన్నారు. తర్వాత అదే సంస్థలో అవే చోట్ల మళ్ళీ మునిగి చూసినవాళ్ళు, ఇందులో చాలావరకు ఇంకా తర్వాతి కాలం రేవువి అయ్యుండొచ్చు అన్నారు. రెండు పక్షాలూ అక్కడ పనిచేసినవాళ్ళే, ఎవరూ దొంగలు కాదు. చిక్కంతా కాలం తేల్చడంలో ఉంది. ఫార్వర్డ్ చేసే ముందు అడగమన్న ఆ ఒక్క ప్రశ్న ఇదే: ఇది ఏ కాలానిదో ఎలా తేల్చారు? రాయికి కార్బన్ పరీక్ష పనిచేయదు, చెక్కో బొగ్గో ఎముకో కావాలి, అదీ ఆ గోడతో పాటే కదలకుండా పొరలో ఉండాలి. లంగరు ఆకారం చూసి చెబుదామా అంటే అలాంటివి వందల ఏళ్ళు వాడుతూనే వచ్చారు.

2001లో గుజరాత్ తీరంలోనే ఖంభాత్ సింధుశాఖ విషయంలో జరిగింది గుర్తుందా? నీళ్ళలోకి శబ్దం పంపి అడుగుని చూసే సోనార్‌లో నీటి అడుగున ఏవో గళ్ళు గళ్ళుగా కనిపించాయి, అడుగు నుంచి గోకి తెచ్చినవాటిలో ఒక చెక్క ముక్క తొమ్మిదిన్నర వేల ఏళ్ళ నాటిదని తేలింది, ఇంకేముంది, ప్రపంచంలోకెల్లా పాత నగరం మనదే అని ప్రకటన. నదులన్నీ వచ్చి కలిసే చోటు, పోట్లు భయంకరంగా ఉండే చోటు, ఆ చెక్క ఎక్కణ్ణుంచి కొట్టుకొచ్చిందో ఎవరికి తెలుసు? ఆ తేదీ చెప్పేది చెట్టు ఎప్పుడు చచ్చిపోయిందనే, ఊరు ఎప్పుడు కట్టారని కాదు. తొందరపడి చేసిన ఆ ప్రకటన వల్ల మన మెరైన్ ఆర్కియాలజీనే, అంటే సముద్రంలో పాత ఆనవాళ్ళు వెతికే శాస్త్రాన్నే, జనం అనుమానంగా చూసే పరిస్థితి వచ్చింది, నాకు కోపం అక్కడే.

2025 ఫిబ్రవరిలో పురావస్తు శాఖ వాళ్ళు, అలోక్ త్రిపాఠి గారి ఆధ్వర్యంలో ఐదుగురు, మళ్ళీ ద్వారక నీళ్ళలో దిగారు. వాళ్ళని పని చేసుకోనివ్వండి. ఒకవేళ రేపు వాళ్ళు "ఇది 1,500 ఏళ్ళ కిందటి రేవు" అంటే, వాళ్ళని ధర్మద్రోహులని తిట్టడానికి ఇప్పటినుంచే జనాన్ని తయారుచేస్తున్నాయి ఈ వీడియోలు. మా అమ్మ ఆ మెట్ల మీద దండం పెట్టుకున్నప్పుడు ఏ ల్యాబ్ రిపోర్టూ అడగలేదు. భక్తికి సోనార్ సాక్ష్యం ఎందుకండీ?

ఇంకోటి, మన ఇంటి దగ్గర సంగతి. నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకి వెళ్ళే ఉంటారు మీలో చాలామంది. ఆ లాంచీ వెళ్ళేది ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి మీదుగానే. డ్యామ్ నీళ్ళు వచ్చేలోపు 1954 నుంచి 1960 దాకా తవ్వి, తరలించగలిగినవి కొండ మీదకీ అనుపుకీ తెచ్చారు, మిగతాది మునిగిపోయింది. మన హయాంలో మునిగిన నగరం అది, దాని మీద ఒక్క వైరల్ వీడియో చూపించండి!

మన తీరంలోని పాత రేవు మోటుపల్లి సంగతి అసలు ఎంతమందికి తెలుసు? ఓరుగల్లు ఏలిన గణపతిదేవుడు 1244లో అక్కడ అభయ శాసనం వేయించాడు. తుఫాను దెబ్బకి ఓడలు పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే అంతకుముందు రాజులు మొత్తం లాక్కునేవాళ్ళు, ఇకమీదట సుంకం తప్ప ఏమీ తీసుకోం, సరుకు మీది మీకే అని వర్తకులకి మాట ఇచ్చాడు. అంటే ఆ తీరంలో ఓడలు పగిలేవని రాజే రాతి మీద రాయించాడన్నమాట, అది కూడా మన తెలుగు నేల మీద. సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ మన హైదరాబాద్ ప్రగతినగర్ దగ్గరే ఉంది, భూమిని పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ ఉప్పల్ దారిలో ఉంది, సముద్రం లేని ఈ ఊళ్ళో సముద్రాన్నీ భూమినీ చదివినవాళ్ళకి కొదవ లేదు. ఇక్కడి యూనివర్సిటీల్లో చరిత్ర చదివే పిల్లలకి డైవింగ్ నేర్పించి ఆ తీరానికి పంపే కోర్సు ఒక్కటి పెట్టమని అడుగుదాం, నేను లెటర్ రాస్తున్నా, సంతకం పెట్టేవాళ్ళు కామెంట్లో చెప్పండి.

బాబాయ్‌కి మోటుపల్లి శాసనం ఫోటో పొద్దున్నే పంపాను. బ్లూ టిక్ పడింది, ఇంకా ఏమీ అనలేదు.