నట్టు బిగిస్తే ఆగే లీకు కాదది

పెయింటర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తెగ తిరుగుతోంది. నాకే ఈ నెలలో నలుగురు పంపారు. గాలి కలపకుండా పెయింటును ప్రెషర్‌తో చిమ్మే ఎయిర్‌లెస్ మెషీన్ లీకైతే సీల్ కిట్‌కు, అంటే లీకు ఆపే రింగుల సెట్‌కు, డబ్బులు తగలెయ్యొద్దట. పంపు పై నట్టు గట్టిగా బిగించాలట. ఆగకపోతే టెఫ్లాన్ టేపు చుట్టాలట. అదీ కాకపోతే హార్డ్‌వేర్ షాపులో దొరికే ఏదో ఒక ఓ-రింగు, అంటే గుండ్రటి రబ్బరు రింగు, వేసుకోవాలట. సీల్ ఆయిల్ బదులు థిన్నర్ పొయ్యాలట. స్విచ్ ఆపి విప్పితే మొత్తం పది నిమిషాల పనట. సికింద్రాబాద్ రాణిగంజ్ గల్లీలో ఈ మెషీన్లు విప్పి బిగిస్తూ బతికేవాణ్ణి కాబట్టి ఒక్కోటీ చెప్తాను.

చివరిది ముందు. మిగతావి తప్పయితే డబ్బులు పోతాయి, ఇది తప్పయితే వేలు పోతుంది.

స్విచ్ ఆపితే మోటారు ఆగుతుంది గానీ ప్రెషర్ ఎక్కడికీ పోదు. పంపులో, గొట్టంలో, గన్‌లో అలాగే ఉంటుంది. కారు టైరులో 30-35 పీఎస్ఐ ఉంటుంది కదా, ఈ మెషీన్లు 3,000 దాకా పోతాయి. ఆ ఒత్తిడితో చిమ్మిన పెయింటు చర్మాన్ని దాటి లోపలికి దిగుతుంది. పైకి సూది గుచ్చినంత చుక్క కనబడుతుంది, మొదట్లో పెద్దగా నొప్పి కూడా ఉండకపోవచ్చు. మనవాళ్లు ఇంత పసుపు అద్ది మళ్లీ పనిలోకి దిగుతారు. లోపల మాత్రం పెయింటు స్నాయువుల వెంట చేతిలోకి పాకుతుంది. ఆలస్యమైతే వేలు తీసెయ్యాల్సిన పరిస్థితి వస్తుంది. చిన్న గాయమని కట్టు కట్టించుకుని రాకుండా, పెయింటు ప్రెషర్‌తో లోపలికెక్కిందని చెప్పి, డబ్బా కూడా చేత పట్టుకుని సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే పోవాలి.

కాబట్టి విప్పే ముందు స్విచ్ ఆపి ప్లగ్ పీకండి. గన్‌ను ఇనప బకెట్ అంచుకు ఆనించి ట్రిగ్గర్ నొక్కి ఖాళీ చెయ్యండి. ట్రిగ్గర్ లాక్ వెయ్యండి. ప్రెషర్‌ను బయటికి వదిలే ప్రైమ్ వాల్వ్‌ను డ్రెయిన్ వైపు తిప్పి, పని అయ్యేదాకా అలాగే ఉంచండి. ట్రిగ్గర్ నొక్కినా ఏమీ రాలేదంటే ప్రెషర్ లేదని కాదు, గన్ మొనలో పెయింటు చిమ్మే టిప్ మూసుకుపోయిందేమో. అప్పుడు టిప్ గార్డ్ నట్టును బాగా నెమ్మదిగా వదులు చెయ్యాలి. వీడియోలో ఆయన నడుస్తున్న మెషీన్ మీద లీకు ఎక్కడుందో వేలు పెట్టి మరీ చూపిస్తాడు. అక్కడ నాకు ఒళ్లు జలదరించింది.

ఇక నట్టు. సీల్‌ను ఆయన సీసా బిరడా అనుకున్నాడు, ఎంత నొక్కితే అంత మూసుకుంటుందని. పంపులో కిందికీ పైకీ ఆడే రాడ్డు చుట్టూ ఉండేవి వీ ఆకారపు రింగులు, తోలుది ఒకటి, తెల్ల ప్లాస్టిక్‌ది ఒకటి, ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి, దీన్నే ప్యాకింగ్ అంటాం. వీ నోరు పెయింటు వైపు చూస్తుంది. ప్రెషర్ ఎక్కగానే పెయింటే ఆ నోట్లోకి దూరి, ఒక పెదవిని రాడ్డుకూ ఇంకో పెదవిని చుట్టూ ఉన్న గోడకూ అదుముతుంది. అంటే లీకును మూసేది పెయింటే, నట్టు కాదు. నట్టు అతిగా బిగిస్తే ఆ పెదాలు నలిగి, రాపిడికి వేడెక్కి తొందరగా అరుగుతాయి. వదులైన నట్టును మెషీన్ పుస్తకంలో చెప్పినంత బిగించడంలో తప్పేం లేదు. పానాకు పైపు తొడిగి ఇద్దరు వేలాడటమే తప్పు.

కొత్తవి వేసేటప్పుడు పై ప్యాకింగ్ నోరు కిందికి, పిస్టన్ మీదుండే కింది ప్యాకింగ్ నోరు పైకి ఉండాలి. రెండూ మధ్యలో ఉన్న పెయింటు వైపే చూస్తాయి. తిరగేసి వేస్తే కొత్త కిట్ కూడా వెంటనే కారుతుంది, అప్పుడు డూప్లికేట్ అంటగట్టాడని షాపువాణ్ణి తిడతారు.

మొన్న కోకాపేట సైటు నుంచి ఒక కాంట్రాక్టర్ వచ్చాడు. "అన్నా, కొత్త సీల్ ఏసి నాలుగు దినాలు కాలే, మళ్ల కారుతుంది. నట్టు ఎంత టైట్ జేసినా ఆగుతలేదు" అన్నాడు. రాడ్డు తీసి గుడ్డతో తుడిచి వెలుతురులో తిప్పాను. అద్దంలా ఉండాల్సిన క్రోమ్ మీద నిలువుగా వెంట్రుకల్లాంటి గీతలు మూడు. "గోరు పెట్టి అడ్డంగా లాగు తమ్మీ" అన్నాను. లాగాడు, గోరు తట్టింది. గోరుకు తగిలే గీత సీల్‌కు ఆకురాయి లాంటిది, అందులోంచి పెయింటు కారడమూ ఆగదు. అలాంటప్పుడు కిట్‌తో పాటు రాడ్డూ మార్చాలి. సిమెంటు పుట్టీ కలిపిన బకెట్లోనే వడగట్టకుండా పెయింటు పోసి కొట్టారని మాటల్లో బయటపడింది.

టేపు సంగతి చప్పున తేల్చేస్తాను. మొన వైపు సన్నబడే మరలున్న జాయింట్లకు అది మంచిదే. కిందికీ పైకీ ఆడే రాడ్డు చుట్టూ పెడితే పీలికలవుతుంది. గొట్టం గన్‌కు బిగిసే చోట లోహం మీద లోహం కూర్చుని మూస్తుంది, అక్కడ టేపు దండగ. ఆ పీలికలు ముందు ఫిల్టర్‌ను పడతాయి, దాన్ని దాటితే టిప్‌ను. 517 నంబరు టిప్ రంధ్రం 0.017 అంగుళం, మిల్లీమీటరులో సగం కూడా లేదు.

ఓ-రింగు దగ్గర వీడియోకు సగం మార్కులేస్తాను. కొలత సరిగ్గా కుదిరితే, ఎమల్షన్ మాత్రమే కొట్టేవాళ్లకు మామూలు నల్ల నైట్రైల్ రింగు నడుస్తుంది. ఎనామిల్‌లో కలిపే టర్పెంటైన్‌కూ ఫర్వాలేదు. థిన్నర్ కలిపే డ్యూకో, పీయూ పెయింట్లు కొట్టే మెషీన్‌లో మాత్రం అదే రింగు థిన్నర్ తాగి ఉబ్బి, మెత్తబడి గాడిలోంచి బయటికొస్తుంది. విటాన్ అనే ఇంకో రకం రబ్బరు రింగు వేస్తే దిగులే లేదంటారు కొందరు. టోలీన్‌కు నిలబడుతుంది గానీ అసిటోన్ లాంటివాటి ముందు విటాన్ కూడా చేతులెత్తేస్తుంది. అక్కడ తట్టుకునేది టెఫ్లాన్ రింగే. ఇంకో మాట, ఇదంతా ఓ-రింగు ఉండే చోట్లకే. రాడ్డు ప్యాకింగ్ స్థానంలో ఓ-రింగు కూరితే నేను చెప్పేదేం లేదు.

థిన్నర్ సలహా ఇచ్చినాయనకు సీల్ ఆయిల్ ఎందుకు పోస్తారో తెలిసినట్టు లేదు. రాడ్డుకు అంటుకున్న పెయింటు పొర అక్కడే ఎండి గట్టిపడకుండా చూడటం దాని పని. గట్టిపడిన పొర ప్రతి స్ట్రోకుకూ సీల్‌ను గీకుతుంది. థిన్నర్ మన ఏప్రిల్ ఎండల్లో పోసిన కాసేపటికే ఆవిరై, తోలులో ఉన్న నూనెను కూడా లాక్కుపోతుంది. రోజూ పని మొదలెట్టేముందు నాలుగైదు చుక్కల సీల్ ఆయిల్ వేస్తే చాలు.

గన్ గురించి వీడియోలో ఒక్క మాట లేదు, నా దగ్గరికొచ్చే 'సీల్ పోయింది' కేసులు కొన్ని అక్కడివే. టిప్ గార్డ్‌కూ గన్‌కూ మధ్య కారితే టిప్ సీల్ చూడండి, తిరగేసి పెట్టి ఉండొచ్చు కూడా. ట్రిగ్గర్ వదిలాక కూడా టిప్ నుంచి చుక్కలు పడుతుంటే గన్ లోపల పెయింటును ఆపే నీడిల్, అది కూర్చునే సీటు చూడండి. ట్రిగ్గర్ వెనకాల తడిస్తే నీడిల్ ప్యాకింగ్. పంపు సంగతైతే, ట్రిగ్గర్ మూసి ఉంచినప్పుడు అది ఆగిపోవాలి. పిస్టన్ మెల్లగా పైకి పాకుతుంటే పిస్టన్ ప్యాకింగో దాని వాల్వ్‌ను మూసే బాలో (గుండో) పోయింది, కిందికి పాకుతుంటే అడుగు వాల్వ్ బాల్ సరిగ్గా కూర్చోవట్లేదు. బాల్ కింద ఎండిన పెయింటు ముక్క ఇరుక్కున్నా ఇలాగే అవుతుంది, కడిగితే సరిపోతుంది, కిట్ కొనక్కర్లేదు.

పది నిమిషాల మాట మిగిలింది. తోలు రింగులను బిగించేముందు ఎస్‌ఏఈ 30 గ్రేడు ఇంజన్ నూనెలో కనీసం గంట నానెయ్యాలి. నేను రింగుల్ని గిన్నెలో వేసి చాయ్‌కి పోతాను. వచ్చేసరికి ఎండుటాకులా ఉన్న తోలు వేలితో వంచితే వంగుతుంది. వీడియోలో ఆ గంట కత్తిరించారేమో అనుకుని రెండోసారి కూడా చూశాను. గిన్నే లేదు.