‘యెస్ మినిస్టర్’ని ఆ గాటన కట్టకండి

1980ల నాటి బ్రిటిష్ టీవీ కామెడీలన్నీ ఇప్పుడు చప్పగా ఉన్నాయని ఒకరు రాశారు. ఒంటి రంగు మీద, యాస మీద వేసిన జోకులు ఇవాళ వినలేం, నిజమే. కానీ ఓ మంత్రికీ, ఆయన కింది అధికారులకీ మధ్య నడిచే ‘యెస్ మినిస్టర్’ సీరియల్ వేరండీ.

1981లో బీబీసీలో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో కొత్త ఆసుపత్రి ఉంటుంది. సిబ్బంది 500 మందికి పైనే, రోగి ఒక్కడూ లేడు! మంత్రి హ్యాకర్ నిలదీస్తే, పరిశుభ్రత అవార్డు పోటీలో ఉన్నామని అక్కడి అధికారిణి గర్వంగా చెబుతుంది. ఆమె ముఖంలో రవ్వంత జంకు ఉండదు. ఆ నటన చూడండి.

ఇక మంత్రిగారి శాఖలో పెద్ద అధికారి సర్ హంఫ్రీగా నటుడు నైజెల్ హాథోర్న్ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పే ఆ చాంతాడంత వాక్యాలు! పోయిన వారం మా అమ్మాయి ఆ ఆసుపత్రి ఎపిసోడ్ చూసింది. అప్పటి బ్రిటన్ ప్రధాని థాచర్ పేరు తప్ప ఆ కాలం సంగతులేవీ తనకి తెలియవు. అయినా ఆ సీను వెనక్కి జరిపి రెండోసారి పెట్టుకుంది.